వేపచెట్లకు నేను పెట్టిన వంకలు

మా సత్తెనపల్లి చుట్టుపక్కల నాకంటే దండగమారి బేరం చేసినవాళ్లెవరైనా ఉంటే రమ్మనండి, చూసుకుందాం. పంచాయతీ వేలంలో తొమ్మిది వేపచెట్లు కొన్నాను. డబ్బు కట్టాను. అమ్ముకోవడానికి ఒక్క పుల్ల కూడా ఇంటికి తెచ్చుకోలేదు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన ఉయ్యాలలో పెరిగినదాన్ని. మా వంశంలో ఇలాంటి ఘనకార్యం నాకు ముందు ఎవరూ చేయలేదు, నా తర్వాత చేయనివ్వరు.

కొనేటప్పుడు మాత్రం బుద్ధిగానే కొన్నాను. ఆ చెట్లు మిరప చేల మధ్యనుంచి పోయే డొంక పక్కన వరసగా ఉంటాయి. నీడ పడినంత మేరా కాయ దిగడం లేదని పక్క చేను రైతు అర్జీ పెడితే పంచాయతీ వాళ్లు పాటకు పెట్టారు. కొట్టించి కట్టెల అడితికి తోలితే నాలుగు డబ్బులు మిగులుతాయనుకున్నాను. సరుకు కొనేముందు దాన్ని తిట్టాలని మా నాన్న నేర్పాడు. తిట్టాను. ఊరంతా వింటుండగా చెట్టు చెట్టు దగ్గరా ఆగి, "ఇది డొల్ల. దీనికి చెద. ఇదిగో, ఇది గట్టిగా గాలొస్తే ఎవరి నెత్తినో పడుద్ది. వీటిని కొట్టించుకుపోయినందుకు మీరే నాకు ఎదురు డబ్బులివ్వాలి" అన్నాను. పోటీకొచ్చిన ఇద్దరూ వెనక్కి తగ్గారు. పాట నా మీద కొట్టేశారు. ఆ పూట నా అంత తెలివైన మనిషి జిల్లాలో లేదనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం చెట్లు కొట్టే మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాను. కాయ కోతల రోజులు. ఒకప్పుడు శివరాత్రికి కూడా దుప్పటి కప్పుకునేవాళ్లం. ఇప్పుడు శివరాత్రికి ముందే చెప్పుల్లోంచి కాళ్లు కాలుతున్నాయి. కూలి ఆడవాళ్లు పాతికమంది చెట్ల కింద క్యారేజీలు విప్పుకుని ఉన్నారు.

"లేవండమ్మా, చెట్లు కొట్టాలి" అన్నాను.

ఒక్కరూ లేవలేదు. ఆ ముఠాను తీసుకొచ్చే పెద్దామె, మా కొట్లో సబ్బుబిళ్ల కూడా బేరమాడకుండా కొనని మనిషి, తీరిగ్గా మజ్జిగ తాగి మూతి తుడుచుకుంది.

"కర్ర కొన్నావు సరే అమ్మాయ్, నీడ కూడా కొన్నావా?"

"చెట్టుతోపాటే వచ్చుద్దిగా పిన్నీ."

"అయితే నీడ నాకమ్ము. పోయినేడు ఎండదెబ్బకి సాల్లో పడిపోతే ఇక్కడికే మోసుకొచ్చి పడుకోబెట్టారు నన్ను. ఇది లేకపోతే ఎక్కడ పడుకోబెడతారు, నీ కొట్టు అరుగు మీదా? చెప్పు, ఎంతకిస్తావు?"

అందరూ నవ్వారు. ఆమె పక్కన కూర్చున్నాను. నీడలో మట్టి మీద అరచెయ్యి ఆనించాను. చెయ్యి చాపి ఎండలో మట్టిని తాకి, చప్పున వెనక్కి తీసుకున్నాను. మేస్త్రీని ఇంటికి పొమ్మన్నాను.

నెల్లోగా చెట్లు కొట్టుకుపోవాలని వేలంలో షరతు. గడువు ముంచుకొచ్చాక పంచాయతీకి వెళ్లి, చెట్లు నావే కాబట్టి నిలబెట్టే ఉంచుకుంటానన్నాను. పక్క చేను రైతు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"అదేంది వదినా! డొల్లన్నావు, చెదన్నావు, నెత్తిన పడతాయన్నావు. ఊరంతా విన్నాం. అయినా చెట్లకి నల్లమల అడవుందిగా!"

"నల్లమల నీడ నీ చేలో కూలోళ్లదాకా వచ్చుద్దా?"

కార్యదర్శి కాగితాల్లోంచి తలెత్తి, "పడిపోయే చెట్లయితే ఉంచడానికి వీల్లేదమ్మా. మీరు కొట్టకపోతే మేమే కొట్టిస్తాం" అన్నాడు.

నేను పెట్టిన వంకలే నాకు అడ్డం తిరిగాయి. వాటిని వెనక్కి తీసుకోవడానికి ఒకటే దారి ఉంది.

"అబద్ధమాడానండీ. ధర తగ్గుద్దని ఆడాను."

కొట్టు నడుపుకునేవాళ్లు నలుగురిలో అనకూడని మాట అది. రైతు పగలబడి నవ్వాడు. "మరి నీ కొట్లో కందిపప్పు సంగతేంది వదినా?"

"పప్పు సంగతి తర్వాత. ముందు చెట్ల సంగతి తేల్చండి. పదండి, డొల్లో గట్టో తట్టి చూద్దాం."

మేస్త్రీకి కబురుపెట్టి అందరం డొంకకు నడిచాం. మేస్త్రీ గొడ్డలి వెనక్కి తిప్పి ఒక్కో మానునూ మోదాడు. ఏడు మానులు గట్టిగా పలికాయి. రెండు మాత్రం డప్పుల్లా మోగాయి. నా అబద్ధంలో ఆ మాత్రం నిజం ఉందన్నమాట.

"ఆ రెండూ కొట్టండి. ఈ ఏడింటి మీద గొడ్డలి పడనివ్వను" అన్నాను.

"మరి నా చేను?" అన్నాడు రైతు. అతను అడిగింది న్యాయమే. చెట్ల పక్క మూడు సాళ్లలో కాపు నిజంగానే పలచన. అంతలో పెద్దామె ఒడినిండా కాయలతో గట్టెక్కింది.

"కొట్టించు బాబూ, కొట్టించు. రేపట్నించి నీ కాయ నువ్వే కోసుకో. ఆటో పంపి పిలుచుకుపోయేవాళ్లు మాకు బోలెడుమంది."

వెనక పాతికమందీ నడుములెత్తి నిలబడ్డారు. కూలీలు దొరక్క రైతులు పక్క మండలాలకు ఆటోలు పంపుతున్న రోజులవి. చేనంతా ఎర్రగా పండి ఉంది. రైతు చేను వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు.

"ఇటు వాలిన కొమ్మలన్నా తీయించు వదినా."

తీయించాను. పోయిన రెంటికీ బదులు మొక్కలు పెంచుతానని కార్యదర్శికి సంతకం పెట్టాను. ఇంకో వరస ఎక్కడైనా పాటకు పెడితే మళ్లీ వెళ్తాను. ఈసారి వంకలు పెట్టను. ధర పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇక బిల్లు. పాట డబ్బు పోయింది. రెండు చెట్లు పోయాయి, వాటి కట్టెలు ముఠావాళ్లు పంచుకున్నారు. పది మొక్కలు నాటితే మూడు మేకల పాలయ్యాయి, నాలుగు మాడిపోయాయి. మూడు తుమ్మకంప చాటున నా మోకాలిదాకా వచ్చాయి. ఖాళీ నూనె డబ్బాలతో వాటికి నీళ్లు మోసి నా నడుం పట్టేసింది. కొట్టుకొచ్చినవాళ్లు ఇప్పటికీ పప్పు చేతిలో పోసుకుని, "గట్టిదేనా, డొల్లా?" అని అడుగుతున్నారు. డొంక దాటితే ఎండ ఎండలాగే ఉంది. అంతా కూడితే నష్టమే. జమ వైపు వేయడానికి ఏడు చెట్లున్నాయి. ఈ ఏడాది కోతల్లో పెద్దామె రోజూ తన కాళ్లమీదే నడిచొచ్చి వాటి కింద కూర్చుంది.