మెకానిక్కు కొట్టేసిన రెండు పేజీలు

మా మెకానిక్కు లిఫ్టులు బాగుచేస్తాడు. బాగుచేసిన లిఫ్టులోకి మనిషిని వెంటనే ఎక్కనివ్వడు. మొదట ఖాళీగా పైకీ కిందికీ తిప్పుతాడు. తరవాత ఇసుక బస్తాలు వేసి తిప్పుతాడు. ఆ పైన తానెక్కుతాడు. అప్పుడుగాని తలుపు తీసి "రండి" అనడు. ఆరో అంతస్తులో కీళ్ళనొప్పుల పెద్దావిడ మందుల కోసం ఎదురు చూస్తుంటే, ఆ మందులు తానే మెట్లెక్కి ఇచ్చి వస్తాడు కాని, ఈ వరస మాత్రం తప్పడు.

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో మేం ఒక ఆట ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథ. కథ నడిపేది మెకానిక్కు. తలా ఒక పాత్ర మాది. ఎదురుగా అడవి ఉందని ఆయన చెబితే అందులో ఏం చేస్తామో మేం చెబుతాం. గెలిచామో ఓడామో పాచికలు చెబుతాయి. ఆడేవాళ్ళం బస్సు కండక్టరు, మెకానిక్కు భార్య, నేను. మెకానిక్కు బావ కూడా ఉండేవాడు. దొంగ పాత్ర ఆయనది. కథను ఏదో ఒక అడ్డదారి పట్టించి మా పొట్టలు చెక్కలు చేసేవాడు. ఆయన్ని భగవంతుడు పిలుచుకుని ఆరు నెలలైంది.

అప్పట్నుంచీ మెకానిక్కు అక్క, అంటే ఆ బావ భార్య, గడప దాటడం మానేసింది. తమ్ముడు వారం వారం వెళ్ళి బతిమాలగా బతిమాలగా చివరికి ఒప్పుకుంది.

"ఒక్క ఆదివారం వస్తా. మనసు పట్టకపోతే మళ్ళీ నా జోలికి రాకు. ఒట్టేసి చెప్పు."

ఒట్టేశాడు. వేసి ఇంటికొచ్చి, కథ రాద్దామని కూర్చున్నాడు. కాగితం మీద ప్రతి మలుపులోనూ బావే ఎదురవుతున్నాడు. ఇది పని కాదని బజారుకు వెళ్ళి, ఇలాంటి ఆటల కోసమే అచ్చయిన సాహసయాత్ర పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అట్ట మీద రెక్కలు విప్పిన డ్రాగన్. లోపల ఒక పటం, నూట ఇరవై పేజీలు. కొనితెచ్చినదైనా సరే, పరీక్ష చేయకుండా అక్కను ఎక్కిస్తాడా?

ముందు ఒక్కడే చదివాడు. అది ఖాళీ లిఫ్టు. పదకొండో పేజీలో కాలి బూడిదైన వంతెన మీద, ఇరవై ఆరో పేజీలో కాపలావాళ్ళు నిలబడి ఉన్నారు. పటంలో కిందికి దిగే మెట్లు రాతలో పైకి ఎక్కుతున్నాయి.

"మూడంతస్తుల బురుజు అన్నాడు. నాలుగో అంతస్తులో రాజుగారి గదట! ఎక్కడ కట్టాడు, గాల్లోనా?" అని పుస్తకాన్ని బల్లకేసి కొట్టాడు.

తరవాత ఇసుక బస్తాల వంతు. పాత కోటు బొత్తాలు నాలుగు పటం మీద పెట్టి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, నలుగురి మాటా ఆవిడనే చెప్పమన్నాడు. ఆవిడ పొయ్యి మీద కూర దించి వచ్చి, చెయ్యి తుడుచుకుని కూర్చుంది.

"ఇనప తలుపు తాళం వేసి ఉంది. ఏం చేస్తావు?"

"తాళంచెవి వెతుకుతా."

మెకానిక్కు పేజీలు ముందుకీ వెనక్కీ తిరగేశాడు. మొహం ఎర్రబడింది. "చెవి ఆ తలుపు అవతలి గదిలోనే ఉందే!"

"అయితే తట్టి అడుగుతానండీ, కాస్త అందిస్తారా అని."

"నీకు నవ్వులాటగా ఉంది. ఇది చూడు. మూడడుగుల ద్వారం ఉన్న గదిలో ఇంత డ్రాగన్! లోపలికెలా వెళ్ళింది?"

"గుడ్డుగా ఉన్నప్పుడు పెట్టి మరిచిపోయారేమో. పాపం, దానికి మేత ఎవరు వేస్తున్నారో!"

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. శనివారానికి తప్పులు ముప్పై ఒకటి తేలాయి. ప్రచురణకర్తకు ఉత్తరం రాయడానికి నోటుపుస్తకంలో వరసగా ఎక్కించాడు. ఆటకు పనికొచ్చేవి దిద్దాడు, పనికిరానివి ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. అలా కొట్టేసినవాటిలో యాభయ్యో పేజీ, దాని పక్క పేజీ ఉన్నాయి. దారిపక్క గుడిసెలో ఒక ముసలమ్మ. ఆమె దగ్గర నిధి లేదు, కబురు లేదు. ఆమె తలుపు సరిగా పడదు. అంతే. పక్కన "ఎందుకిది?" అని రాసి రెండు గీతలు పెట్టాడు.

ఆదివారం వచ్చింది. కండక్టరు అరగంట ముందే వచ్చి, ఎప్పుడూ బావ కూర్చునే కుర్చీలో తాను కూర్చున్నాడు. ఎందుకని నేనడగలేదు. అక్క గుమ్మంలోకి రాగానే ఆమె కళ్ళు ఆ కుర్చీ కేసే వెళ్ళాయి. అది ఖాళీగా లేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

గంటన్నర నడిచింది. దిద్దిన వంతెన దాటాం. కాపలావాళ్ళను ఓడించాం. కండక్టరు "రైట్ రైట్" అని కథను తోస్తూనే ఉన్నాడు. అక్క అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప పాచికలు కూడా సరిగా ముట్టుకోలేదు. గోడ గడియారం కేసి రెండుసార్లు చూసింది.

అప్పుడు అక్క పటం మీదికి వంగింది.

"ఇదేమిట్రా, దారి పక్కన? ఇల్లులా ఉంది."

"అదేం లేదక్కా, ఖాళీ..." అనబోయి ఆగాడు. ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది. పుస్తకం తీసి, ఎర్ర గీతల కిందినుంచి కూడబలుక్కుంటూ చదివాడు. ముసలమ్మ, కుండలో నీళ్ళు, తలుపు.

"నేనాగుతా," అంది అక్క. "తలుపు బాగుచేసి వస్తా. మీరు పదండి."

"మేమెక్కడికి పోతాం అక్కగారూ! మా గుర్రాలు కూడా అలిసిపోయాయి," అన్నాడు కండక్టరు. మాకు గుర్రాలు ఉన్నాయని పుస్తకంలో ఎక్కడా లేదు. ఎవరూ కాదనలేదు.

అక్క తలుపు ఎత్తిపట్టింది, బందు చూసింది, మేకు అడిగింది. ముసలమ్మ ఒక్కతే ఎన్నాళ్ళనుంచి ఉంటోందో అడిగింది. మెకానిక్కు ఆమె గొంతుతో జవాబులు చెప్పాడు. పొద్దు వాలేదాకా అదే నడిచింది. లేచేటప్పుడు అక్క చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ మామూలుగా అంది.

"మా వంటింటి తలుపూ అంతే. పడదు. మీ బావ చూస్తానన్నారు."

మెకానిక్కు నోరెళ్ళబెట్టాడు. "ఆరు నెలలుగా వారం వారం వస్తున్నా కదే! చెప్పొద్దూ?"

"నువ్వు ఆటకి రమ్మనడానికొచ్చావు. తలుపు సంగతి అడిగావా?"

సోమవారం పొద్దున్నే సంచి తీసుకుని వెళ్ళాడు. బందుకి మూడు మరలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. అది కూడా వంకర. బిగించినవాడిని తిడుతూనే, తలుపు పదిసార్లు వేసి తీశాడు. అక్క టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఒరేయ్, ఆ ముసలమ్మకి పిల్లలెవరూ లేరా?"

"పుస్తకంలో రాయలేదక్కా."

"అదేం పుస్తకంరా! రాయకపోతే నువ్వు రాసుకురా. ఆదివారం అడుగుతాను."

మెకానిక్కు నోటుపుస్తకం తీసి, ఉత్తరంలో ముప్పై రెండో తప్పు ఎక్కించాడు: యాభయ్యో పేజీ, ముసలమ్మ గురించి రాసింది చాలలేదు.