గొర్రెల వెంట ఉన్నాను

భవ్యశ్రీకి కోపం వస్తే గొంతు పెంచదు. కూర్చున్న చోటి నుంచి లేవదు, అంతే. దుత్తలూరు పక్కన మా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలిసింది పోయిన వేసవిలోనే.

పంచాయతీ నిధులు దేనికి ఖర్చుపెట్టాలో ఊరి కుర్రకారే ఫోన్లో ఓటేసి చెప్పాలన్నారు. సర్పంచి కొడుకు వంశీ అందుకు ఒక యాప్ తయారుచేశాడు. మంచి పనే, కాదనను. జిమ్ పెట్టాలా, బీటలు వారిన పశువుల నీళ్ళ తొట్టి బాగుచేయాలా అన్నది ప్రశ్న. భవ్యశ్రీ వాళ్ళకు గొర్రెలే బతుకు. అంతకు ముందు ఏడాది ఎండల్లో నీళ్ళు దొరక్క కొన్ని చచ్చాయి. ఈసారీ తొట్టి ఇట్లాగే ఉంటే మంద అమ్మేస్తానని వాళ్ళ నాయన తేల్చేశాడు.

తొట్టికి ఓటేసే కుర్రాళ్ళేమో ఊళ్ళో లేరు. ఏటా వరికోతలు కాగానే మందలు తోలుకుని సంగం వైపు పోతారు, కోసిన మళ్ళలో మేపడానికి. భవ్యశ్రీ అన్న నరసింహ అక్కడి నుంచి ఫోన్ చేశాడు.

"ఓటేసే ముందు ఎక్కడుండావని అడగతా ఉంది యాప్. ఊళ్ళో ఉన్నాను, చదువుకు బయట ఉన్నాను, రెండే ఉండాయి పాపా. చదువుకనే నొక్కేస్తాంలే, ఎవురు చూస్తారు?"

"వద్దన్నా. దొంగోట్లని అన్నీ కొట్టేస్తారు. నేను పోయి అడుగుతా."

ఆ సాయంత్రంతో ఓటింగు ముగుస్తుంది. భవ్యశ్రీ వచ్చేసరికి ఏదో సర్టిఫికెట్ కోసం నేనూ పంచాయతీ ఆఫీసులోనే ఉన్నాను.

"ఊళ్ళో లేనోళ్ళకి ఓటేంది?" అన్నాడు వంశీ, ల్యాప్‌టాప్ నుంచి తలెత్తకుండా.

"నెల్లూరు హాస్టల్లో ఉండే మీ తమ్ముడు వేసినాడు గదన్నా."

"వాడు చదువుకుంటా ఉండాడు."

"మా అన్న గొర్రెలు మేపుకుంటా ఉండాడు. ఇద్దురూ తిరిగొచ్చేది ఈ ఊరికే."

రేపు చూద్దామన్నాడు వంశీ. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను ఇంటికి పోయి అన్నం తిని వచ్చేసరికీ అక్కడే ఉంది, మంచినీళ్ళయినా ముట్టకుండా. నాకు లోపల్లోపల ఎంత సంతోషమో! చివరికి విసుక్కుంటూనే మూడో బటన్ చేర్చాడు.

"ఏం రాయమంటావు?"

"గొర్రెల వెంట ఉన్నాను, అని రాయన్నా."

చీకటి పడకముందే నరసింహ ఫోన్ చేశాడు. "అందరం నొక్కేసినాం పాపా. ఉన్నమాటే నొక్కినాం."

తొట్టి గెలిచింది. మేత అయిపోయి, మండుటెండల్లో మంద తిరిగొచ్చింది. గొర్రెలు బాగుచేసిన తొట్టి మీద పడి తాగుతుంటే వాళ్ళ నాయన పక్కనే నిలబడి చాలాసేపు చూశాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.