చాయ్ హోటల్ గోడకు హెల్మెట్లు

మా బాపు బండికి చలాన్ పడితే ఆ మెసేజ్ నా ఫోనుకు వస్తుంది. మోపెడ్ కొనిచ్చింది నేను. కాగితాల మీద పేరు నాది, ఫోన్ నంబరూ నాదే. అందువల్ల ఆయన బోధన్‌లో ఏ చౌరస్తాలో దొరికాడో నిజామాబాద్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్న నాకు తెలిసిపోతుంది. మెసేజ్‌లోని లింకు నొక్కితే ఫోటో కూడా కనిపిస్తుంది. కాళ్ల దగ్గర యూరియా సంచి, భుజం మీద తువ్వాల, తల మాత్రం ఉత్తది. ఫోటో తీస్తున్నారని తెలిసి మొహం గంభీరంగా పెడతాడు, పట్టాదారు పాస్‌బుక్కు కోసం దిగినట్టు.

మొదట్లో వచ్చినవి కొన్ని ఏమీ అనకుండా కట్టేశాను. ఒకసారి మాత్రం కోపం ఆగక బడిలోంచే ఫోన్ చేశాను.

"బాపు, హెల్మెట్ కొనిచ్చిన గద. అదేమైంది?"

"ఉన్నది బిడ్డా, మంచిగనే ఉన్నది. చాయ్ హోటల్ల ఉన్నది."

"చాయ్ హోటల్ల ఏం పని దానికి?"

"మొన్న జర తొందరల ఉండి తీసుకునుడు మర్సిన. గంతే. నువ్వు పరేషాన్ గాకు."

నాకేమీ అర్థం కాలేదు. మరుసటి ఆదివారం స్కూటీ మీద ఊరికి పోతూ ఆ హోటల్ దగ్గర ఆగాను. మా ఊరు బోధన్ నుంచి వర్నికి పోయే దారిలో ఉంటుంది. ఊరి నుంచి వచ్చేవాళ్లకు బోధన్ మొదలయ్యేదే ఆ హోటల్‌తో. నడిపేది ఒక ముస్లిం పెద్దాయన, మా బాపు ఈడువాడు. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని చాచా అని పిలుస్తాను. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరుకు బండ్ల వాళ్లంతా అక్కడే చాయ్ తాగేవాళ్లు. ఇప్పుడు చెరుకు లేదు, బండ్లూ లేవు. ఆ గోడకు మాత్రం వరుసగా మేకులు కొట్టి ఉన్నాయి, మేకు మేకుకూ ఒక హెల్మెట్ వేలాడుతోంది.

"గివన్నీ ఎవరివి చాచా?" అన్నాను.

"మీ ఊరోళ్లయే బేటా. ఆ నల్లది మీ బాపుది. దారం కట్టి ఉన్నది గద, గుర్తుకు."

నిజంగానే పట్టీకి పసుప్పచ్చ దారం కట్టి ఉంది. సంగతేమిటంటే, మా దిక్కు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లంతా ఉత్త తలలతో అక్కడిదాకా వస్తారు. గోడ మీది హెల్మెట్ తీసి పెట్టుకుంటారు. బోధన్‌లోకి పోయి పనులు చూసుకుంటారు. తిరుగు దారిలో హెల్మెట్‌ను మళ్లీ మేకుకు తగిలించి, చల్లటి గాలికి జుట్టు ఎగరేసుకుంటూ ఇంటికి పోతారు. ఇందుకు చాచా పైసా తీసుకోడు. హెల్మెట్ కోసం ఆగినవాడు చాయ్ తాగకుండా పోలేడు, ఆ ధైర్యం ఆయనది.

నేను నవ్వాను. నవ్విన వెంటనే ఒళ్లు మండింది. ఎందుకంటే ఊరికీ హోటల్‌కూ మధ్య దారి ఎట్లాంటిదో నాకు తెలుసు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఎండబోస్తారు. వాటి మీదికి బండ్లు రాకుండా చుట్టూ రాళ్లు పెడతారు. మిగిలిన సగంలో లారీలు, హార్వెస్టర్లు, ట్రాక్టర్లు. నిజాంసాగర్ కాలువ దగ్గర మలుపులో ఎదుటి బండి దగ్గరికొచ్చేదాకా కనిపించదు. అక్కడ పడ్డవాళ్ల గురించి మా ఊళ్లో ప్రతి వాడకట్టులోనూ చెప్పుకుంటారు. ఇక బోధన్ లోపల చూస్తే, తోపుడుబండ్లూ ఆటోలూ నిండి మోపెడ్ కూడా మనిషి నడకతోనే పోతుంది. మా బాపు చచ్చేచోట ఉత్త తలతోనూ, చావడం చేతకానిచోట హెల్మెట్‌తోనూ తిరుగుతున్నాడన్నమాట.

ఇంటికి పోగానే అదే అడిగాను. బాపు మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నా అంత తెలివితక్కువ మనిషిని చూడనట్టు చూశాడు.

"పోలీసు ఉన్న కాడ వెట్టుకుంటరు బిడ్డా. లేని కాడ ఎందుకు?"

"నీ తల కోసం బాపు!"

"నా తలకైతే గిన్నేండ్ల సంది ఏం గాలే. గది వెట్టుకుంటె ఎనక లారీ హారన్ ఇనవడది. నాకు గదే బయం."

ఆయన అమాయకంగా అన్న ఆ మాట నా బుర్రలో తొలుస్తూనే ఉంది. హెల్మెట్ అనేది పోలీసుకు చూపించే వస్తువు అని మా ఊరికి ఎవరు నేర్పారు? పాత చలాన్లకు సర్కారు రాయితీ ఇచ్చినప్పుడు మా బాపు ఎంత సంబరపడ్డాడో గుర్తొచ్చింది. ఊళ్లో నలుగురు కలిసి మీ-సేవకు పోయి కట్టొచ్చారు, దసరాకు బట్టలు చవగ్గా దొరికినంత సంతోషంగా. ప్రాణం కోసం వేసిన జరిమానా అయితే అందులో తగ్గింపు ఏమిటి? నాకు అడగాలనిపించింది. నాకు ఏదన్నా అడగాలనిపిస్తే నిద్ర పట్టదు, మా ఇంట్లో అందరికీ తెలిసిన రోగమే ఇది.

కాబట్టి అడిగాను. బోధన్ చౌరస్తాలో వేపచెట్టు నీడన ఎప్పుడూ ఒక కానిస్టేబులు ఉంటాడు. బొద్దు మీసాలు, నలభై దాటిన మనిషి. నాకొచ్చే ఫోటోలు చాలామటుకు ఆయన తీసినవే. స్కూటీ పక్కకు ఆపి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని దగ్గరికి పోయాను.

"సార్, ఒక్క మాట అడగనా? కోపం తెచ్చుకోవద్దు."

"అడుగుండ్రి మేడం. పొద్దుగాల సంది తిట్టిపోయేటోళ్లే. అడిగేటోళ్లు నయం."

"ఈ చౌరస్తల పడితె మోకాలు గీరుకపోతది, గంతే. పానాలు పోయేది కాలువ మలుపు కాడ. మీరు ఆడెందుకు నిలవడరు?"

ఆయన చేతిలోని ఫోన్ కిందికి దించాడు. ఫోటో తీయాల్సిన బండి ఒకటి దర్జాగా పోయింది.

"ఒకటి, గా మలుపు మా టౌన్ స్టేషన్ కిందికి రాదు. రెండు, ఆడ నేను చెయ్యి అడ్డం వెడితె ఆగుతరా? ఉరికొస్తుంటరు. నన్ను తప్పించవోయి వడ్ల మీదికి పోతడు, జారి పడ్తడు. మల్ల గది నా మెడకే. ఈడైతే మెల్లగ వస్తరు. దొరుకుతరు."

"అంటే దొరికే కాడ పట్టుకుంటరు, సచ్చే కాడ పట్టుకోరు."

"మేడం, మీరు టీచరా?"

"ఎట్ల తెల్సింది?"

"తెలుస్తది," అన్నాడు విసుగ్గా. మళ్లీ తనే అందుకున్నాడు. "సాయంత్రం పైనుంచి ఫోనొస్తది. ఎన్ని కేసులైనయి అని అడుగుతరు. ఈయాల ఎంతమంది పడకుంట ఇంటికి చేరిన్రు అని ఎవలు అడగరు. అడిగితె మాత్రం నేనేం చెప్పాలె? పడనోళ్లను ఎట్ల లెక్కవెడ్తరు? ఏం సబ్జెక్టు మీది?"

"లెక్కలు."

"మరి చెప్పుండ్రి."

లెక్కల టీచరునై ఉండి తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "మా బాపును మీరు ఇంకింత గట్టిగ బెదిరించుండ్రి సార్. ఊర్లనుంచే పెట్టుకొని రమ్మని చెప్పుండ్రి," అన్నాను. బండి నంబరు కూడా చెప్పాను. కన్న తండ్రిని పట్టించే బిడ్డను ఆయన తన సర్వీసులో చూడలేదట. మీసాల్లోనే నవ్వాడు. తాను కూడా ఆ దారినే ఇంటికి పోతానని, తన ఊరు మా ఊరి అవతలేనని చెప్పాడు.

దారిపొడుగునా ఆలోచించాను. ఆయన చెప్పినదాంట్లో నాకు నచ్చనిది చాలా ఉంది. కానీ ఇంకొకటి కూడా ఉంది, దాన్ని పక్కకు నెట్టడానికి మనసు ఒప్పలేదు. ఆయన ఆ చెట్టు కింద నిలబడకపోతే చాచా గోడ మీద ఒక్క హెల్మెట్ కూడా ఉండేది కాదు. నేను కొనిచ్చినదాన్ని బాపు కోడిపిల్లల మీద బోర్లించడానికి వాడేవాడు. హెల్మెట్‌ను ఊరి నుంచి బయటికి తెచ్చింది మాత్రం ఆ కానిస్టేబులు చలాన్లే. ఊరి దారిలోనే తలమీదికి ఎందుకు ఎక్కించలేకపోయాయి అన్నదే నా ప్రశ్న.

కొన్నాళ్లకు దానికి సగం జవాబు దొరికింది. కాలువ దగ్గర వరుసగా ప్రమాదాలు జరిగాయని రూరల్ పోలీసులు వచ్చి మలుపుకు ఇవతల, మా ఊరి వైపే బారికేడ్లు పెట్టి వారం పాటు తనిఖీ చేశారు. ఆదివారం నేను పోయేసరికి చాచా గోడ బోడిగా ఉంది. ఆయన గల్లా దగ్గర దిగులుగా కూర్చున్నాడు.

"టోపీలన్నీ మీ ఊరి కిరాణం కాడికి పోయినయ్ బేటా. నా చాయ్ ఎవలు తాగుతున్నరు?"

నిజమే. మా ఊరి చివర కిరాణా కొట్టు అరుగు మీద హెల్మెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. పోలీసు ఎంత ముందుకు వస్తే హెల్మెట్ అంత ముందుగా తలకెక్కుతోంది. నాకు భలే ఆశ పుట్టింది. ఆ బారికేడ్లు ఇంకొంచెం జరిగి మా వాకిట్లోకి వస్తే ఎంత బాగుండు అనుకున్నాను. బాపు ఆ వారమంతా మలుపును హెల్మెట్‌తోనే దాటాడు, నాకు ఒక్క మెసేజూ రాలేదు. తర్వాత బారికేడ్లు ఎత్తేశారు. హెల్మెట్లు మళ్లీ చాచా గోడకు చేరాయి. చాచా సంతోషంగా నాకు చాయ్ ఇచ్చాడు, నేను తాగలేకపోయాను.

యాసంగి కోతల్లో ఒక సాయంత్రం బడి వదిలే వేళకు చాచా ఫోన్ చేశాడు. బాపు మలుపు దగ్గర పడ్డాడు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకు తీసుకున్నాడట. వడ్ల చుట్టూ పెట్టిన రాయికి ముందు టైరు తగిలింది. అంబులెన్స్ బోధన్ మీదుగా నిజామాబాద్ పెద్దాసుపత్రికే వస్తోందని చెప్పాడు. నేను అక్కడికి ఎట్లా పోయానో నాకు గుర్తులేదు. స్ట్రెచర్ మీద బాపును చూసినప్పుడు మాత్రం అరిచాను. నర్సు నన్ను బయటికి పంపింది.

స్కానింగ్ అయ్యాక డాక్టరు పిలిచాడు. తలకు కుట్లు పడ్డాయి, లోపల కొంచెం రక్తం గడ్డ కట్టింది, ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు అన్నాడు. రక్తం మాత్రం చాలా పోయిందన్నాడు. బాపు బతికాడు. చాలా రోజులు నన్ను గుర్తుపట్టక, చిన్నప్పుడే పోయిన తన చెల్లెలనుకుని మాట్లాడాడు, తర్వాత నెమ్మదిగా కోలుకున్నాడు. అయితే ఆ సాయంత్రం నాకవేమీ తెలియవు. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేసరికి వరండాలో బెంచీ మీద ఆ బొద్దు మీసాల కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు. యూనిఫాం చొక్కా ముందు భాగమంతా రక్తం. డ్యూటీ దిగి ఇంటికి పోతూ, పడ్డ బాపును మొదట చూసింది ఆయనేనట. అంబులెన్స్‌లో ఆయనే వెంట వచ్చాడు.

నేను దండం పెట్టబోతే ఆయన వద్దన్నట్టు చేతులు అడ్డం పెట్టాడు.

"నాకు దండం పెట్టకుండ్రి మేడం. జరిగింది ఇనుండ్రి," అని చెప్పాడు. "మీ బాపుకు తెలివున్నది అప్పుడు. నేను ఉరికిపోయి పక్కకు కూసోవెట్టిన. నూట ఎనిమిదికి చేద్దామని ఫోన్ బయటికి తీసిన. ఫోన్ కనవడంగనే తువ్వాల తల మీదికి గుంజుకున్నడు. 'ఫోటో తియ్యకు సారూ, నాకు హెల్మెట్ ఉన్నది, హోటల్ల ఉన్నది, అడుగు కావాలంటె' అన్నడు. అంబులెన్సుకు చేస్తున్న పెద్దయ్యా అని ఎంత చెప్పినా ఇనలే. రక్తం కారవట్టె. దెబ్బ ఏడ తాకిందో చూద్దామని తువ్వాల తియ్యవోతే రెండు చేతులతోటి పట్టుకున్నడు. తియ్యనియ్యలే."

ఆయన రెండు చేతులూ నా ముందు చాపాడు.

"ఆకరికి ఫోన్ జేబుల వెట్టుకున్న. నా చేతులు రెండు చూపిచ్చిన, ఏం లేదు అని. అప్పుడు తల ఇడిసిండు. దెబ్బను గట్టిగ వత్తిపట్టిన. ఇగ వేరే మనిషి వచ్చేదాక ఆగి, ఆయన ఫోన్‌తోటి చేయించిన."

నేను ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ మీరున్నది మా ప్రాణాలకా, మా పైసలకా అని మనసులో అడుగుతూ వచ్చిన మనిషిని నేను. ఆయన నా మొహంలోకి చూడలేదు. రక్తం ఎండిన తన అరచేతులను చూసుకుంటూ, మెల్లగా, "నా ఫోన్‌తోటే చేసుంటే అంబులెన్సు ఇంకింత జల్ది వస్తుండె మేడం," అన్నాడు.