బుజ్జమ్మని ముందు దించిన రోజు

మొన్న ఆదివారం బందర్లో నేను చేసిన ఘనకార్యం ఎవరి ఫోన్లోంచో మీకు చేరేలోపు నేనే చెప్పేస్తాను. నవ్వొస్తే నవ్వండి. మా అమ్మాయి పక్కనుంటే మాత్రం కాస్త ఆపుకోండి, పాపం.

మాది ఘంటసాల దగ్గర పల్లెటూరు. నేను అయిదో క్లాసుతో ఆపేశాను. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేస్తాయి నాకు. పెళ్ళిలో కూరవాళ్ళు నా విస్తరి దాటి వెళ్ళిపోయినా ‘బాబూ, ఇటు’ అని పిలవను, పప్పూ అన్నంతో లేచొచ్చేస్తాను. ఓసారి బస్సులో మా ఊరు వచ్చేసినా కండక్టర్ని ఆపమనలేక పక్కూళ్ళో దిగి నడిచొచ్చాను. అంత మొహమాటం!

మా అమ్మాయి హారికకి నా పోలికే వచ్చింది. డిగ్రీ చదువుతోంది గానీ కాలేజీలో పక్క సీటు పిల్లతో కూడా మాట్లాడేది కాదు. అలాంటిది ఫోన్లో ఒక గేము మొదలుపెట్టాక మారిపోయింది. వింత వింత జంతువుల్ని పెంచి ఎదుటివాళ్ళ జంతువులతో పోట్లాడించాలి. కోడిపందేలే అనుకోండి, కాకపోతే రక్తం ఉండదు, పోలీసులు రారు. చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని ఎక్కడెక్కడి ఆడపిల్లలతోనో ‘ఒసేయ్, అది దించకే, చస్తావ్!’ అని గలగలా మాట్లాడుతుంటే వంటింట్లో నిలబడి వినేదాన్ని. నా కడుపున పుట్టిన పిల్లేనా అనిపించేది. సంతోషంగా కూడా ఉండేది.

వాళ్ళ నాన్నకి మాత్రం ఆ గేమంటే ఒళ్ళు మంట. ఇంతలో బందర్లో సెల్ షాపులవాళ్ళంతా కలిసి కల్యాణమండపంలో పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళు విజయవాడలో పెద్ద పోటీకి వెళ్తారట. హారిక వాళ్ళ నాన్న వెనకాల తిరిగి తిరిగి బతిమాలింది. చివరికి ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని తేల్చేశారు.

“వెళ్ళు. గెలిస్తే విజయవాడ నేనే పంపిస్తా. ఓడిపోతే ఆ గేము ఫోన్లోంచి తీసెయ్యాలి. మళ్ళీ దాని ఊసెత్తకూడదు.”

“సరే నాన్నా!” అంది ఠక్కున. ఓడిపోతే గేము పోతుంది, గేము పోతే పిల్ల మళ్ళీ మూగనోము పడుతుంది. అసలు సంగతి అదండీ.

అక్కడితో ఆగితే బాగుండేది. రాత్రి అన్నాల దగ్గర ఇది మెల్లిగా అంది కదా, “అమ్మా, ఒక చిన్న రూలుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు పక్కన కూర్చోవాలి. ముందు ఏ జంతువుని దించాలో వాళ్ళే నొక్కాలి. తర్వాత ఆటంతా నేను ఆడుకుంటా. నాన్న ఎలాగూ రారు...”

“నేనా! స్టేజీ మీదా!”

“నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా. ఒక్క నొక్కు నొక్కితే చాలు.”

మాట్లాడక్కర్లేదు అంది కదాని ఒప్పుకున్నాను.

నా ఫోన్లో కూడా గేము వేసి, రాతలన్నీ తెలుగులోకి మార్చి పెట్టింది. మొత్తం మూడు జంతువులు. నిప్పులు కక్కే తొండ ఒకటి. మీసాలున్న చేప ఒకటి, నీళ్ళు చిమ్ముతుంది. మూడోది ఒళ్ళంతా ఆకులతో, క్యాబేజీలా గుండ్రంగా ఉంటుంది. దానికి పోట్లాట పెద్దగా రాదు. తన చుట్టూ ఉన్నవాళ్ళ గాయాలు మాన్పుతుంది. వాటి ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు, అందుకని కొరివి, జెల్ల, బుజ్జమ్మ అని పెట్టుకున్నాను.

“నిప్పు ఆకుని కాల్చేస్తుంది, నీళ్ళు నిప్పుని ఆర్పేస్తాయి, ఆకు నీళ్ళని తాగేస్తుంది. అంతేనమ్మా. వాళ్ళ మూడూ మనకి కనిపిస్తాయి, మన మూడూ వాళ్ళకి కనిపిస్తాయి. ముందు ఏది దిగుతుందో మాత్రం గుట్టు. దిగింది పడిపోయేదాకా మార్చడానికి లేదు. అందుకే ముందు దిగేదాంట్లోనే సగం ఆట.”

“మరి బుజ్జమ్మని ఎప్పుడు దించాలే?”

“ముందు మాత్రం దించకు. అది ఎదుటివాళ్ళ గాయాలు కూడా మాన్పేస్తుంది. తప్పనిసరైతే చివర్లో దించుకోవచ్చు, ముందు మాత్రం వద్దు. గుర్తుపెట్టుకో!”

గుర్తు పెట్టుకున్నానండీ. పాలు కాస్తున్నా అదే, బట్టలు జాడిస్తున్నా అదే. నిప్పు, నీళ్ళు, ఆకు. చీకటి పడ్డాక దోమల బ్యాటు పక్కన పెట్టుకుని ఒక్కదాన్నే ఆడేదాన్ని. నిజం చెప్పొద్దూ, బుజ్జమ్మంటే ముద్దొచ్చేది. గెలిచినప్పుడల్లా గుండ్రంగా తిరుగుతుంది, చంటిపిల్ల చప్పట్లు కొట్టినట్టుంటుంది.

ఆదివారం పొద్దున్నే బందరు బస్సెక్కాం. మండపం నిండా జనం. స్టేజీ మీద పెద్ద తెర, మైకులో ఒకమ్మాయి ఆపకుండా మాట్లాడేస్తోంది. నేను హారిక చున్నీ కొస పట్టుకునే స్టేజీ ఎక్కాను. అయినా మొదటి ఆటలో ఎదురుగా గుడివాడ తాతగారూ, ఆయన మనవరాలూ కూర్చుంటే, తాతగారి చూపు మాటిమాటికీ వాళ్ళ మూడింటిలో నిప్పులు కక్కే కోడి మీదికే పోవడం కనిపెట్టి జెల్లని దించాను. గెలిచేశాం! తర్వాతిది కూడా గెలిచేశాం. హారిక నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. “అమ్మా, నువ్వు సూపర్!” నా పెళ్ళిలో కూడా నన్ను అంత పొగిడినవాళ్ళు లేరు.

ఫైనల్ మధ్యాహ్నం భోజనాల తర్వాత అన్నారు. హారిక తన స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నేను వెనకవైపు వరండాలో ఓ మూల కూర్చున్నాను. కంగారులో తెచ్చుకున్న పులిహోర డబ్బా బస్సులోనే వదిలేశాను. ఆకలి నకనకలాడుతోంది. పక్క కుర్చీలో నా వయసావిడే, నల్ల బురఖా, ముఖంలో నాలాంటి భయమే. కాసేపు ఇద్దరం గోడ మీద బల్లిని చూశాం. తర్వాత ఆవిడే క్యారేజీ విప్పారు.

“తినండి.”

“అబ్బే, వద్దండీ. ఇప్పుడే తిన్నాను.”

నా కడుపు అప్పుడే గురగురమంది. ఆవిడ నవ్వి రెండు చపాతీలు, గుడ్డు కూర మూతలో పెట్టి నా ఒళ్ళో ఉంచారు. “నాకూ పొద్దుట్నుంచీ దడగా ఉందండీ, ఒక్కదాన్నే తినబుద్ధి కావట్లేదు. తోడుగా తినండి.” పేరు జైనబ్ అట, బందరే. వాళ్ళమ్మాయి కోసం వచ్చారట. మా ఇద్దరికీ మాటలు కలిశాయి. నేను! కొత్తమనిషితో! మూడో చపాతీ కూడా తిన్నాను. చెయ్యి కడుక్కోడానికి ఆవిడే నీళ్ళు పోశారు.

ఇంతలో మైకులో ఫైనల్‌కి పిలిచారు. నేను లేచాను. ఆవిడా లేచారు.

“మీరూనా!”

“మీరూనా!”

ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ పక్కన వాళ్ళమ్మాయి షబానా, నా పక్కన హారిక. తెర మీద జంతువులన్నీ కనిపించాయి. వాళ్ళవి ఒక తాబేలు, ఒక ముళ్ళపొద, ఒక తెల్ల పావురం. తాబేలు నీళ్ళది, పొద ఆకుది. పావురం మా బుజ్జమ్మలాగే గాయాలు మాన్పేరకం. “ఇక్కణ్ణుంచి మీ జోడీతో మాట్లాడకూడదు. పెద్దవాళ్ళు ముందు దించేదాన్ని నొక్కండి” అంది మైకమ్మాయి.

కొరివి మీదికి వేలు పోయింది. తలెత్తాను. ఎదురుగా జైనబ్ గారు. నా నోట్లో ఇంకా ఆవిడ గుడ్డుకూర రుచే ఉంది. ఇప్పుడే పెట్టిన చేతిని ఇప్పుడే కాల్చనా? పోనీ జెల్ల? అదీ తోకతో కొడుతుంది. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అని మా అమ్మ అంటుండేది. ఇది వాసాలకి నిప్పంటించడం కదండీ!

బుజ్జమ్మని నొక్కేశాను.

హారిక “అ...” అని నోరు తెరిచి, రూలు గుర్తొచ్చి చేత్తో మూసుకుంది. అదే క్షణాన అవతల షబానా కూడా తల పట్టుకుంది. ఎందుకో తెర మీద చూస్తే తెలిసింది. జైనబ్ గారు కూడా మొహమాటపడి తెల్ల పావురాన్ని దించారు!

ఇక ఆట చూడాలి మీరు. హారిక బుజ్జమ్మ చేత మెత్తగా ఒకటి వేయిస్తుంది, పావురానికి చీమ కుట్టినట్టు తగులుతుంది. వెంటనే బుజ్జమ్మ తన గాయాలతోపాటు దాని గాయం కూడా మాన్పేస్తుంది. పావురం రెక్కతో ఒకటి ఇస్తుంది, తర్వాత అదీ ఇద్దరికీ మాన్పేస్తుంది. మార్చుకుందామంటే రెండూ పడవు. జనం మొదట అరిచారు, తర్వాత నవ్వారు, తర్వాత కొందరు టీ తాగడానికి వెళ్ళొచ్చారు. మైకమ్మాయికే మాటలైపోయాయి. “ఇది యుద్ధమా, పేరంటమా!” అంది చివరికి.

టైమైపోయింది. ఎవరూ గెలవలేదు.

“మళ్ళీ ఆడతారు. ఈసారి ఆ రెండింటినీ పక్కన పెట్టెయ్యండి!” అని ప్రకటించారు. రెండాటల మధ్యలో హారిక నా చెవిలో గబగబా అంది, “అమ్మా, గేము పోతుందే. ఆవిడ ఎవరైనా సరే, ఆట ఆటే. నీకు దణ్ణం పెడతాను.” దాని కళ్ళు నిండిపోయాయి. లేదు, ఈసారి మొహమాటం లేదు. అనుకున్నానండీ, గట్టిగా అనుకున్నాను.

మాకు కొరివి, జెల్ల. వాళ్ళకి తాబేలు, పొద. ఫైనల్‌కి ముందు ఆటలన్నిటిలో ఆవిడ పొదనే ముందు దించారని హారిక ఇందాకే చెప్పింది. పొద మీదికి కొరివి. సందేహమే లేదు. వేలు కొరివి దగ్గర పెట్టాను. తెలీకుండా వేస్తే బాగుండదు కదా, ఒక్క మాట చెప్పి వేస్తే ఆవిడకీ నొప్పుండదు అనిపించింది. మా జోడీతో మాట్లాడకూడదన్నారు గానీ, ఎదుటివాళ్ళతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కూడాను!

“ఏమీ అనుకోకండి జైనబ్ గారూ,” అన్నాను. “కొంచెం కాలుతుంది.”

నా ముందర మైకు ఉన్న సంగతి నాకేం తెలుసండీ! ‘కాలుతుంది... కాలుతుంది...’ అని మండపమంతా మారుమోగింది.

“అయ్యో, దానిదేముందండీ, ఫర్వాలేదు” అన్నారు జైనబ్ గారు, ఎంతో మర్యాదగా. తాబేలుని నొక్కారు.

ఆ తర్వాత జనం నవ్వులో నాకేం వినపడలేదు. కొరివి మీద తాబేలు నీళ్ళు కుమ్మరించింది. రెండు దెబ్బలకే కొరివి చల్లారిపోయింది. హారిక జెల్లతో ఎంత పోరాడిందో! తాబేలుని పడగొట్టేసింది. కానీ వెనకాల పొద ఉంది. అది జెల్లని తాగేసింది.

ఓడిపోయాం.

జైనబ్ గారు పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నారు. “నేను పొదే నొక్కుదామనుకున్నానండీ, అల్లా మీద ఒట్టు! మీరు కాలుతుంది అనగానే నా చెయ్యి నీళ్ళ వైపు పోయింది. వంటింట్లో అలవాటు కదా!”

“మరే. నాదైనా అటే పోతుంది” అన్నాను. కళ్ళనీళ్ళు ఆగట్లేదు, నవ్వూ ఆగట్లేదు.

షబానా, హారిక అవతల ఏదో గుసగుసలాడుకుంటున్నారు. కాసేపటికి షబానా వచ్చి, “ఆంటీ, విజయవాడలో పెద్దవాళ్ళు అక్కర్లేదు. ఇద్దరు ప్లేయర్లు ఉంటే చాలట. గెలిచినవాళ్ళు ఎవర్నైనా తెచ్చుకోవచ్చు. హారికని నాతో పంపుతారా?” అంది.

“మరి ముందు దించేది ఎవరమ్మా?” అన్నాను అలవాటుగా.

“మీరిద్దరూ తప్ప ఎవరైనా!” అన్నారు పిల్లలిద్దరూ ఒకేసారి.

సరే, విజయవాడ తలుపు తెరుచుకుంది. ఇంటిదగ్గర తలుపో? ఆయన పెట్టిన షరతు గెలిస్తేనే కదా. బస్సులో హారిక కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. నేను దారంతా ఆయనకి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. స్టాపు దగ్గర దిగేసరికి ఆయన సైకిలు పట్టుకుని నిలబడున్నారు. మీసాల కింద ఏదో కదులుతోంది.

“ఏమే, కాలిందా?” అన్నారు.

ఎవడో వీడియో తీసి పెట్టేశాడండీ! మా బస్సుకన్నా ముందే ఊళ్ళోకి వచ్చేసింది.

నేను తల దించుకుని విజయవాడ సంగతి, షబానా సంగతి నసిగాను. ఆయన కాసేపు సైకిలు బెల్లు కొడుతూ ఆలోచించారు.

“ఆ వీడియో నేను రెండుసార్లు చూశా. ఒక్క చేపని పెట్టుకుని అమ్మాయి అంతసేపు నిలబడింది. అది ఓడలేదు. వెళ్లనీ విజయవాడ.” హారిక ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఆయన నా వైపు తిరిగారు. “కానీ మాట మాటే. ఓడినవాళ్ళు గేము తీసెయ్యాలి. ఓడింది నువ్వు. నీ ఫోన్లోది తీసెయ్యి.”

న్యాయమే కదండీ. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. బుజ్జమ్మని ఒకసారి చూసుకున్నాను. గుండె రాయి చేసుకుని, హారిక చెప్పినట్టు గుర్తు మీద వేలు నొక్కి పట్టాను. తెర మీద తెలుగులో చక్కగా అడిగింది, ‘దీన్ని నిజంగా తొలగించమంటారా?’ అని.

అంత మర్యాదగా ‘మంటారా’ అని అడిగితే మొహం మీద ‘అవును’ అని ఎలా అంటామండీ! ‘వద్దు’ అని నొక్కేశాను.