రంగప్ప పెట్టిన సంగటి

హిందూపురంలో మా వీధిలో సంగటి గురించి రంగప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ మాట వేరే ఎవరూ అనలేదు, ఆయనే అన్నాడు. ఎసరు ఎంత మరగాలో, పిండి ఎప్పుడు పొయ్యాలో, ముద్ద చేతికి అంటకుండా ఎట్లా రావాలో పెళ్లయిన నాటి నుంచి భార్య రమాదేవికి చెబుతూనే ఉన్నాడు. చెప్పడం ఆయన వంతు, కెలకడం ఆమె వంతు. వేడి గిన్నెను నేల మీదికి దించి, చుట్టూ పాతగుడ్డ కప్పి, రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని ఆమె కెలుకుతూ ఉంటే, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని "ఇంకొంచెం గట్టిగా" అనేవాడు. శ్రమను అట్లా ఇద్దరూ సమానంగా పంచుకున్నారు.

రంగప్ప లైన్‌మన్‌గా ధర్మవరంలో కొంతకాలం, పెనుకొండలో కొంతకాలం పనిచేసి రిటైరయ్యాడు. ఎవరింట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతున్నా ఆయన దగ్గర ఒకటే మందు ఉండేది: లావు తీగ. తీగ లావుగా ఉంటే ఫ్యూజు పోదు. ఆ తర్వాత టీవీ పోయేది, బోరు మోటారు పోయేది, ఒకసారి ఒక పిండిమిల్లు గోడ సగం దాకా నల్లబడింది. ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ విషయంలో ఆయన పేరుకు మచ్చ లేదు.

రిటైరయ్యాక ఈ విద్య ఇంటికి వచ్చింది. ఒకసారి పప్పులో నీళ్లు చాలక కుక్కరు మూత మీది సేఫ్టీ వాల్వు కరిగిపోయింది. కొత్తది తెమ్మని రమాదేవి చెప్పింది. రంగప్ప జాలిగా నవ్వి, ఆ రంధ్రంలో ఒక ఇనుప బోల్టు దూర్చి, వెనకనుంచి నట్టు బిగించాడు.

"ఇంగ నీ జన్మలో ఇది పోదు," అన్నాడు.

ఈ వానల్లో రమాదేవి మిద్దె మెట్ల మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు వీరేష్ పిండికట్టు వేసి, గట్టిగానే చెప్పాడు. "ఈ కట్టు విప్పేదాకా చెంబు కూడా ఎత్తగూడదమ్మా. సంగటి గింగటి కెలికినావంటే ఎముక వంకరగా అతుక్కుంటాది. ఇంగ ఆ చెయ్యి అంతే."

రమాదేవి ఆ చేతినే చూసుకుంది. ఆమె బ్లౌజులు కుడుతుంది. వీధిలో పెళ్లి ఉందంటే ముందు ఆమె మిషను దగ్గరికే వస్తారు. గుడ్డను సూది కిందికి తిప్పేది ఆ చెయ్యే. ఆ చెయ్యి వంకరైతే ఇంట్లో ఆమెకంటూ మిగిలేది రంగప్ప ఉపన్యాసాలే.

రంగప్ప కూడా బాగా కలత పడ్డాడు. "మరి సంగటి ఎట్ల సార్?" అని డాక్టరును అడిగాడు.

మొదట పక్కింటి సుధ పుణ్యం కట్టుకుంది. తమకు చేసుకున్నప్పుడు రెండు ముద్దలు, నంచుకోను చెనిక్కాయల ఊరిబిండి పంపేది. రంగప్ప తిని, గిన్నె తిరిగిచ్చేటప్పుడు, "పిండి ఇంగా ఉడకల్లమ్మా. ఉంటలుండాయి. రేపు నేనొచ్చి నిలబడి చెప్తాలే," అన్నాడు.

"ఎందుకులే రంగప్పన్నా, నీకు శ్రమ," అంది సుధ. మరుసటి రోజు నుంచి వాళ్లింట్లో అందరూ చపాతీలు తినడం మొదలుపెట్టారు.

అన్నం తింటే రంగప్పకు నిద్రపట్టదు. ఆయనకు పట్టకపోతే ఇంట్లో ఎవరికీ పట్టనివ్వడు. చూసి చూసి ఒకరోజు రమాదేవి ఎడమ చేత్తో కట్టె అందుకుంది. కట్టు ఉన్న చేతిని దానికి ఆనించబోయింది.

అప్పుడు రంగప్పలో ఎన్నేళ్లుగానో నిద్రపోతున్న భర్త లేచాడు.

"పక్కకు జరుగే. నేనుండగా నువ్వు కెలకల్లనా?"

ఆమె నిజంగానే పొంగిపోయింది. కట్టె ఆయన చేతికివ్వబోయింది. ఆయన దాన్ని గోడకు ఆనించి కుక్కరు తీశాడు.

"దేంట్లో?"

"దీంట్లోనే. కెలికే పని లేదు. మీ ఆడోళ్లు బుర్ర వాడకుండా ఇన్నేండ్లు కట్టె వాడినారు."

"పిండి అడ్డం పడతాదేమో. ఆవిరి యాడినుంచి పోతాది?"

"విజిలుండాది కదా! నాకు చెప్తాండావా?"

రాగిపిండి, నీళ్లు, ఉప్పు వేసి, మూత బిగించి, పొయ్యి పెద్దమంట మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడు విజిళ్లు రావాలని ఆయన నిర్ణయం. ఒక్కటి కూడా రాలేదు. చిక్కటి పిండి ఉబికి విజిలు కింది గొట్టాన్ని పూర్తిగా మూసేసిందని ఆయనకు తోచలేదు. మంట చాలలేదని తోచింది. రెండో పొయ్యి పెద్దది, కుక్కరును దాని మీదికి మార్చాడు.

కుక్కరు సన్నగా వణకడం మొదలుపెట్టింది. మూత అంచున ఎక్కడో చీమ ఏడ్చినట్టు చప్పుడు. రంగప్ప తల వంచి చెవి దగ్గరగా పెట్టాడు.

"వస్తాండాది, వస్తాండాది," అన్నాడు.

రమాదేవి కళ్లు ఆ బోల్టు మీద పడ్డాయి. ఆవిరి బయటికి పోయే దారి ఇంకొకటి లేదు. "ఇదో, ఆపు! ఆపెయ్!" అని అరిచింది. ఆయన వినిపించుకోకుండా చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆమె ఎడమ చేత్తో ఆయన బనియను వెనకనుంచి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి వాకిలి వైపు లాగింది. ఇద్దరూ గడప మీద వెల్లకిలా పడ్డారు. ఆమె కుడిచెయ్యి ఆయన కింద పడింది.

అప్పుడు పేలింది.

మూత పైకప్పుకు కొట్టుకుని, ట్యూబులైటును పగలగొట్టి, గిన్నెల అలమర మీద పడింది. పొయ్యి ఒక పక్కకు వంగిపోయింది. కాలుతున్న సంగటి గోడలకు, కిటికీకి, కుర్చీకి, అప్పటిదాకా ఆయన చెవి ఉన్న చోటికి చిమ్మింది. కొద్దిసేపు ఇద్దరికీ ఏమీ వినిపించలేదు. ముందుగా లేచింది రమాదేవే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వంగి వెళ్లి, సిలిండరు దగ్గర గ్యాసు కట్టేసింది. రంగప్ప పడినచోటే పడుకుని ఉన్నాడు. దెబ్బ తగిలి కాదు, ఆలోచిస్తూ.

వీధంతా వచ్చింది. సగంమంది ఫోన్లు పైకెత్తుకునే వచ్చారు.

"ఏమప్పా, సిలిండరా?"

"కాదు."

"మరేంది పేలింది?"

రంగప్ప గోడ వైపు చెయ్యి చూపించాడు. "సంగటి."

ఎదురింటి హనుమమ్మవ్వ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "నా ఆయుస్సులో సంగటి మాడింది చూసినా, నీళ్లైంది చూసినా. పేలింది ఇదే చూడ్డం నాయనా."

"కంపెనీ మాలు మంచిది కాదవ్వా," అన్నాడు రంగప్ప. బోల్టు ఇంకా మూతకే ఉంది, చెక్కు చెదరకుండా.

సుధ మాత్రం రమాదేవి చెయ్యి చూసింది. వేళ్లు నీలంగా ఉబ్బి ఉన్నాయి. ఆటో పిలిచింది.

డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి తల పట్టుకున్నాడు. ఎముక కదిలింది. మళ్లీ లాగి సరిచేశాడు. రమాదేవి అరుపు బయట బెంచీ దాకా వినిపించింది. కొత్త కట్టు పడింది. "ఈసారి కదిలితే నేనేం చెయ్యలేను," అన్నాడు డాక్టరు, రంగప్ప వైపే చూస్తూ.

ఆ ఇంట్లో ఇక కుక్కరు లేదు. వీధిలో సంగటి పంపేవాళ్లు లేరు. ఉన్నది కట్టె ఒక్కటే. రంగప్ప గిన్నెను నేలకు దించి, పాదాల మధ్య ఇరికించుకుని, కెలకడం మొదలుపెట్టాడు. మొదటిరోజు కాలు కాల్చుకున్నాడు. రెండోరోజు గిన్నె తిరగబడింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన భుజాలకు ఆయింట్‌మెంటు పూసుకుని తిరిగాడు. విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో సంగటి మీద ఆయనకు ఒక్క అభిప్రాయం కూడా లేదు. వంచిన తల ఎత్తకుండా తినేవాడు.

కట్టు విప్పే రోజు వచ్చింది. రమాదేవి చెయ్యి బల్ల మీద పెట్టింది. డాక్టరు మణికట్టును అటూ ఇటూ తిప్పి, వేళ్లు ముడవమన్నాడు, చాచమన్నాడు.

"బాగా అతుక్కుందమ్మా. నిటారుగా ఉండాది. ఇంగ అన్ని పనులూ చేసుకో."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని తలుపు వైపు చూసింది. రంగప్ప బయట స్కూటరు నీడకు జరుపుతున్నాడు.

"సార్, ఇంగా కొన్నాళ్లు సంగటి కెలకగూడదని ఆయప్పకు చెప్పండి."

"నయమైపాయె గదమ్మా?"

"చేతికి నయమాయె సార్. ఆయప్పకు ఇంగా కాలా."

డాక్టరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రంగప్ప లోపలికి రాగానే ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఏమప్పా, ఈ చేత్తో సంగటి కెలికేది మాత్రం కుదరదు."

"ఎన్నాళ్లు సార్?"

"చెప్పలేం."

రంగప్ప భార్య చేతిని పరీక్షగా చూశాడు. ఏదో అనుమానం వచ్చింది. "మరి మిషను కుట్టొచ్చునా సార్?"

"ఓ, కుట్టొచ్చు. దానికి వాడే ఎముక వేరే."

రంగప్ప ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత తల ఆడించాడు.

"అవున్సార్," అన్నాడు. "అది నాకు తెల్సు."