శైవరాజు వేషం

సిరిసిల్లలో మగ్గం నేసే మా మేనమామ లక్ష్మీరాజం ఏడాదికి ఒక్కరోజు రాజు. మిగతా రోజులన్నీ ఇంట్లో మా అత్త సత్యవ్వదే రాజ్యం. ఏటా ఊళ్లో ఆడే నాటకంలో ఆయన శివభక్తుడైన అన్న. పక్కింటి నర్సన్న విష్ణుభక్తుడైన తమ్ముడు. తండ్రి పోగానే సింహాసనం కోసం ఇద్దరికీ పోరు. అన్న తమ్ముణ్ణి బంధించి, నామం చెరిపి విభూతి పెట్టుకొమ్మంటాడు. తమ్ముడు ఒప్పుకోడు. అన్న మరణశిక్ష వేసి పట్టం కట్టుకుంటాడు. ఆ శిక్ష పద్యం వినడానికి కోరుట్ల నుంచి కూడా జనం వచ్చేవారు.

ఎనభై ఎనిమిదిలో ఆ పద్యమే మామ ప్రాణం మీదికి తెచ్చింది. చీకటి పడ్డాక గుంపు కూడవద్దని పోలీసులన్నారని ఆట పట్టపగలు పెట్టారు. నాలుగు రోజుల ముందు నక్సలైట్ అన్నల మనిషి మగ్గం దగ్గరికే వచ్చాడు.

"రాజు గెలుసుడేందే? జనమచ్చి రాజును గద్దె దించాలె. గట్లనే ఆడుండ్రి."

మర్నాడు ఎస్సై పిలిపించాడు. "పాత ఆట పాత లెక్కనే ఉండాలె. రాజును దించినవో, నిన్ను తీస్కపోతం."

ఊళ్లో ఇంకే పనీ లేనట్టు ఇద్దరికీ మా నాటకమే దొరికింది! మానేద్దామంటే, ఎవరికి భయపడి మానేశావని ఇద్దరూ నిలదీస్తారు.  మామ మగ్గం మీద కూర్చుంటే పోగులన్నీ తెగుతున్నాయి.

ఆటరోజు ముందు వరుస కుర్చీలో ఎస్సై. వెనక జనంలో ఎక్కడో అన్నల మనిషి. సంకెళ్లతో నర్సన్న మోకాళ్ల మీద ఉన్నాడు. మామ కత్తి ఎత్తాడు. హార్మోనియం శ్రుతి అందుకుంది. పద్యం రాలేదు. శ్రుతి మళ్లీ అందుకుంది.

"పాడు బావా," అన్నాడు నర్సన్న మెల్లగా. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆట చివర హారతి ఇవ్వడం ఏటా మా అత్త వంతు. ఆమె చటుక్కున లేచి, కర్పూరం వెలిగించి, వేదికెక్కి మంగళం ఎత్తుకుంది. మాలో హారతి వెలిగిందంటే ఆట అయిపోయినట్టే. ఆపైన వేషగాడు మాట పలికితే ఊరికి అరిష్టం. ఎస్సై కూడా లేచి దండం పెట్టుకున్నాడు. ఎవరూ గెలవకుండానే జనం హారతి కళ్లకద్దుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

మా అత్త తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. కానీ అది మూడు రోజులే పనిచేసింది. నాలుగో రోజు ఎస్సై కబురు పంపాడు: వచ్చే ఆదివారం మళ్లీ ఆడాలి, చివరిదాకా. అన్నల దగ్గర్నుంచీ అదే మాట వచ్చింది. శనివారం మామ, అత్తను వెంటబెట్టుకుని మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కాడు.

అక్కడ పన్నెండేళ్లు పవర్‌లూమ్ నడిపాడు. నేను చూడబోయినప్పుడే ఒకసారి అక్కడి మనవాళ్లు వచ్చారు. పండుగకు నాటకం వేస్తున్నామని, రాజువేషం నువ్వే కట్టాలని బతిమాలారు. మామ లేచి ముందు తలుపు మూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలు గెలువాలెనట?"