నీలం తాడుకు నాలుగు ముడులు

ఈ పొద్దు కూరెకుప్ప రోడ్డు మీద ఖనిజం లారీ మీద కప్పే పట్టా నుంచి ఊడిపడిన నీలం నైలాన్ తాడు ముక్క దొరికింది. అదే ఎర్రదుమ్ము వాసన. మన క్లాసోళ్ళకు గుర్తుందా? మైనింగ్ జోరుగా సాగిన ఆ రోజుల్లో మధ్యాహ్నానికే మన తెల్ల రిబ్బన్లు ఎర్రబడేవి, అన్నంలో దుమ్ము పళ్ళకింద కరకరమనేది.

నాకు నాలుగు పనులు ఒకేసారి చెబితే మొదటిదే నిలిచేది. పుస్తకం తీసేలోపే ఏ పేజీయో, ఏ లెక్కో ఎగిరిపోయేది. సారు కన్నడంలో 'దడ్డి' అనేవాడు, అంటే మొద్దు. లారీ నడిపే మా నాన్న మాత్రం ఇలాంటి తాడుకే నాలుగు ముడులు వేసిచ్చాడు.

"ఒక్కో ముడికి ఒక్కో పని అనుకో పాపా. అది అయినంకనే వేలు జరుపు."

బెంచీ కింద ముడులు తడుముకుంటూ మొదటిసారి లెక్క పూర్తిచేశాను. అది చూసి సారు తాడు లాక్కున్నాడు.

"ఏందమ్మీ ఇది, బడికి బర్రెను తోలుకొచ్చినావా?"

క్లాసంతా నవ్వింది. కిటికీలోంచి పారేశాడు. లేచి బయటికి పోయి తెచ్చుకున్నాను. మళ్ళీ పారేశాడు. మళ్ళీ తెచ్చుకున్నాను. మీరంతా చూశారు.

ఇప్పుడు వెల్డింగ్ షాపులో పని నాది. ముడుల తాడు ఇంకా జేబులోనే ఉంటుంది. నిన్న మా అక్క కూతుర్ని బడిలో అదే 'దడ్డి' మాట అన్నారట. నేనూ మొద్దును కాను, అదీ కాదు. ఒక్క తీరుగానే చెప్తాం, అర్థం కాకపోతే నీ ఖర్మ అనేవాళ్ళను ఏమనాలి?

దొరికిన తాడు కడిగి, ముడులు వేసి దాని చేతికిచ్చాను.

"చిన్నమ్మా, టీచరు పారేస్తే?"

"పోయి తెచ్చుకో. మళ్ళీ పారేస్తే మళ్ళీ పో."